ఫ్లాస్కులో 0.52, మోడల్‌లో 0.88: ఈ.కోలై గ్రోత్ రేట్ ప్రాజెక్టు డైరీ

ఎమ్మెస్సీ నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు ఇది. ల్యాబ్ గుంటూరు, విజయవాడల మధ్య ఒక యూనివర్సిటీలో. ఈ.కోలై బ్యాక్టీరియా ఎంజీ1655 రకం గ్లూకోజ్ మీద ఎంత వేగంగా పెరుగుతుందో ఫ్లాస్కులో కొలవాలి. అదే పరిస్థితిలో ఐఎంఎల్1515 అనే కంప్యూటర్ మోడల్ ఎంత వేగం చెబుతుందో లెక్కగట్టాలి. రెండింటికీ తేడా ఎక్కడ పుట్టిందో తేల్చాలి. వచ్చే బ్యాచ్ ఇదే పని మళ్లీ చేస్తే మొదటి నెల వృథా కాకూడదని ఈ డైరీ.

ఐఎంఎల్1515 అనేది 2017లో వచ్చిన జీనోమ్ స్కేల్ మోడల్, అంటే ఈ.కోలై జీన్లు నడిపే జీవక్రియ రియాక్షన్ల జాబితా నుంచి కణం ఎంత వేగంగా పెరగగలదో లెక్కగట్టేది. 1515 జీన్లు, 2712 రియాక్షన్లు, 1877 మెటబొలైట్లు. దాన్ని బిగ్ (BiGG) డేటాబేస్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు, పైథాన్‌లో కోబ్రాపై (COBRApy) ప్యాకేజీతో నడుస్తుంది. గ్లూకోజ్ వాడకం పరిమితి 10 దగ్గర ఉంచి ఏమీ మార్చకుండా నడిపితే గ్రోత్ రేట్ (కణాల మొత్తం లాగరిథం గంటకు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) గంటకు 0.877 వస్తుంది. (ఈ డైరీలో వాడకం అంకెలన్నీ గ్రాము పొడి బరువుకు, గంటకు, మిల్లీమోల్ లెక్కలో.) మా మొదటి గ్రోత్ కర్వ్ ఇచ్చింది 0.52.

తేడా ఖాతా: మోడల్ 0.88, ఫ్లాస్కు 0.52, తేడా 0.36.

ఇక్కడ ఒక సులువైన తప్పుదారి ఉంది. మోడల్‌లో కణం బతకడానికి మాత్రమే ఖర్చయ్యే ఏటీపీ (కణం శక్తిగా వాడే అణువు) అని ఒక మీట ఉంటుంది, దాని విలువ 6.86. దాన్ని పెంచుకుంటూ పోతే మోడల్ ఎంతకైనా దిగుతుంది. 0.52 రావాలంటే దాదాపు 100కి తేవాలి. అది ఈ.కోలై చేసే ఖర్చు కాదు. అందుకే ఫ్లాస్కు వైపు లెక్క తేలేదాకా మోడల్ ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాం.

దశ 1: మీడియం

ఎం9 అంటే ఉప్పులు, గ్లూకోజ్ మాత్రమే ఉండే మినిమల్ మీడియం. దాని ఐదు రెట్ల స్టాక్ రెసిపీల్లో చాలాచోట్ల డైసోడియం ఫాస్ఫేట్ 64 గ్రాములు అని ఉంటుంది. అది ఏడు నీటి అణువులున్న హెప్టాహైడ్రేట్ లెక్క. మన దగ్గర సరఫరాలో ఎక్కువగా వచ్చేది డైహైడ్రేట్, కొన్నిసార్లు నీరు లేనిది. సీసా మీద అణుభారం చూడకుండా 64 తూచితే డైహైడ్రేట్‌తో ఫాస్ఫేట్ ఒకటిన్నర రెట్లు పడుతుంది. పీహెచ్ సుమారు 0.2 పెరుగుతుంది, స్టాక్‌ను ఫ్రిజ్‌లో పెడితే అడుగున గాజు ముక్కల్లా స్ఫటికాలు దిగుతాయి. స్ఫటికాలు దిగాక పైనున్న ద్రవంలో ఏది ఎంతుందో ఎవరూ చెప్పలేరు.

ఐదు రెట్ల స్టాక్, ఒక లీటరుకు:

1. డైసోడియం ఫాస్ఫేట్: అణుభారం 268 అయితే 64 గ్రాములు, 178 అయితే 42.5, 142 అయితే 33.9.
2. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 15 గ్రాములు.
3. సోడియం క్లోరైడ్ 2.5 గ్రాములు.
4. అమ్మోనియం క్లోరైడ్ 5 గ్రాములు.

ఆటోక్లేవ్ చేసి గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంచండి, ఫ్రిజ్ వద్దు.

వాడే ముందు ఒక లీటరు మీడియం కలిపే వరుస:

1. స్టెరైల్ నీళ్లు సుమారు 750 మి.లీ.
2. ఐదు రెట్ల స్టాక్ 200 మి.లీ.
3. ఒక మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 2 మి.లీ.
4. 20 శాతం గ్లూకోజ్ 10 మి.లీ. (అంటే చివరికి 0.2 శాతం, 11.1 మిల్లీమోలార్.)
5. ఫెర్రిక్ క్లోరైడ్, చివరికి 10 మైక్రోమోలార్ అయ్యేలా, అప్పటికప్పుడు కలిపింది.
6. ఒక మోలార్ క్యాల్షియం క్లోరైడ్ 0.1 మి.లీ., అన్నిటికంటే చివర, కలియబెడుతూ.
7. స్టెరైల్ నీళ్లతో లీటరుకు నింపడం.

క్యాల్షియాన్ని వేడి మీడియంలోనో, పలచన కాని ఉప్పు స్టాక్‌లోనో పోస్తే క్యాల్షియం ఫాస్ఫేట్ తెల్లగా విరుగుతుంది. ఆ మసక కంటికి ఆనకపోయినా స్పెక్ట్రోఫోటోమీటర్‌కు ఆనుతుంది. బ్లాంక్ 0.02, మొదటి రీడింగ్ 0.03 అయితే ఆ కర్వ్ మొదటి గంట అంతా మసకే. గ్లూకోజ్‌ను ఉప్పులతో కలిపి ఆటోక్లేవ్ చేయొద్దు, గోధుమరంగుకు తిరుగుతుంది. విడిగా 0.2 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపడమే మేలు.

రెసిపీల్లో ఐరన్ చాలాసార్లు కనబడదు. మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో, కెమికల్స్‌లో ఉండే మలినాలతోనే పని జరిగిపోతుంటుంది. బాగా శుద్ధిచేసిన నీళ్లకు మారగానే పెరుగుదల మందగిస్తే మొదట అనుమానించాల్సింది ఐరన్‌నే.

దశ 2: ఓడీ రీడింగులు

ఫ్లాస్కు వైపు కొలత తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడిదే. ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ) అంటే కల్చర్ మసకను బట్టి కణాలు ఎంతున్నాయో చెప్పే రీడింగ్. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ అంటే కాంతి చెదిరిపోవడం, పీల్చుకోవడం కాదు. కణాలు ఒత్తుగా ఉంటే ఒకసారి చెదిరిన కాంతి మళ్లీ చెదిరి డిటెక్టర్ వైపు తిరుగుతుంది, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. ఎంత తక్కువ అనేది మెషీన్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఎవరి మెషీన్‌కు వాళ్లే పరీక్ష చేసుకోవాలి.

రాత్రంతా పెరిగిన కల్చర్‌ను తాజా ఎం9తో పలచన చేసి చదివితే మాకు వచ్చినవి:

- పలచన లేకుండా: 1.32
- 2 రెట్లు: 0.79, వెనక్కి లెక్కిస్తే 1.58
- 4 రెట్లు: 0.43, వెనక్కి 1.72
- 8 రెట్లు: 0.219, వెనక్కి 1.75
- 16 రెట్లు: 0.110, వెనక్కి 1.76

అసలు 1.76 ఉన్నదాన్ని మెషీన్ 1.32 అంటోంది, పావు వంతు మాయం. కర్వ్ పైభాగం ఇలా వంగితే ఓడీ లాగరిథం గీత వాలు తగ్గుతుంది, ఆ వాలే గ్రోత్ రేట్ కాబట్టి అదీ పడిపోతుంది. నష్టం ఏమిటంటే గీత చూడ్డానికి నున్నగానే ఉంటుంది, ఆర్ స్క్వేర్ (గీత పాయింట్లకు ఎంత అతికిందో చెప్పే అంకె) 0.99 కూడా వస్తుంది. ఆర్ స్క్వేర్ బావుందని సంతకం పెట్టించుకోవద్దు.

మార్పు: 0.4 దాటిన ప్రతి శాంపిల్‌నూ పలచన చేసి చదవడం. పలచనకు నీళ్లు కాదు, అదే మీడియం. ఫిట్‌కు తీసుకునే పాయింట్లు 0.05 నుంచి 0.4 వరకే, కనీసం ఏడు. పాత కర్వ్‌నే ఈ పరిధికి కుదించి లెక్కిస్తే 0.58.

తేడా ఖాతా: మోడల్ 0.88, ఫ్లాస్కు 0.58, తేడా 0.30.

దశ 3: ఇనాక్యులం, గాలి, ఎండ

ఎల్‌బీ అనే పోషకాలు దండిగా ఉన్న మీడియంలో పెంచిన కల్చర్‌ను ఇనాక్యులంగా (విత్తనంలా) నేరుగా ఎం9లో వేస్తే దాంతోపాటు అమైనో ఆమ్లాలు కూడా వచ్చేస్తాయి. మొదట వేగంగా పెరిగి, అవి అయిపోగానే నెమ్మదిస్తుంది, గీతలో మోకాలు కనబడుతుంది. ఆ మోకాలికి అటూ ఇటూ పాయింట్లు కలిపి ఫిట్ చేస్తే వచ్చే సంఖ్యకు అర్థం లేదు. సరైన వరుస: ప్లేట్ మీద కాలనీ, దాన్నుంచి ఎం9లో రాత్రంతా, దాన్నుంచి 37 డిగ్రీలకు ముందే వేడెక్కించిన తాజా ఎం9లోకి 0.01 ఓడీతో. ఓడీ 0.05 చేరాకే లెక్క మొదలు.

ఫ్లాస్కు పరిమాణం చిన్న విషయంగా కనిపిస్తుంది. 250 మి.లీ. ఫ్లాస్కులో 25 మి.లీ. పోసి, ప్రతిసారీ 1 మి.లీ. తీస్తే పన్నెండు శాంపిళ్లకు కల్చర్ సగమవుతుంది, గాలి అందే తీరు మధ్యలో మారిపోతుంది. 500 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ., నిమిషానికి 200 తిప్పులు అని ఖరారు చేశాం.

కరెంటు పోతే ఏమవుతుందో ఒకసారి లెక్క వేసి చూడాలి. 37 డిగ్రీల దగ్గర నీటిలో కరిగే ఆక్సిజన్ సుమారు 0.21 మిల్లీమోలార్. ఓడీ 0.5 కల్చర్‌లో లీటరుకు సుమారు 0.18 గ్రాముల కణాలుంటాయి, వాటి ఆక్సిజన్ వాడకం 15 అనుకుంటే లీటరుకు గంటకు 2.7 మిల్లీమోల్. 0.21ని 2.7తో భాగిస్తే ఐదు నిమిషాలు కూడా రాదు. షేకర్ ఆగి ఐదు నిమిషాలైతే కణాలు గాలి లేని జీవక్రియకు మారి ఫార్మేట్, అసిటేట్ వదలడం మొదలుపెడతాయి. కరెంటు తిరిగొచ్చాక తీసిన పాయింట్లు ఆ కర్వ్‌లో వాడొద్దు. షేకర్‌ను యూపీఎస్ లైన్ మీదికి మార్చాకే రన్ పెట్టండి.

ఇక మన ప్రాంతపు సమస్య. చాలా ల్యాబుల్లో ఉండే ఇంక్యుబేటర్ షేకర్లకు హీటరే కానీ కూలింగ్ ఉండదు. మోటారు వేడి కూడా లోపలే తిరుగుతుంది కాబట్టి అలాంటి మెషీన్ గది కంటే కనీసం ఐదు డిగ్రీలు ఎక్కువలోనే నిలకడగా ఉంటుంది. 37 నిలబడాలంటే గది 32 దాటకూడదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గది 36 ఉంటే హీటర్ పూర్తిగా ఆగిపోయినా లోపల 40 దాటుతుంది. డిస్‌ప్లేను నమ్మొద్దు, దాని సెన్సర్ గాలిని కొలుస్తుంది. పక్క క్లాంప్‌లో 50 మి.లీ. నీళ్లు పోసిన ఇంకో ఫ్లాస్కు పెట్టి అందులో థర్మామీటర్ ముంచండి. డిస్‌ప్లే 37.0 చూపిస్తున్నప్పుడు మా నీళ్లు 39.6.

39.6 దగ్గర ఈ.కోలై ఏమీ చచ్చిపోదు. కానీ ఎం9లో మెథియోనిన్ తానే తయారుచేసుకోవాలి, ఆ దారిలో మొదటి ఎంజైమ్ మెట్ఏ వేడికి ఓర్చదు. ఉష్ణోగ్రత 40 దాటి పైకి పోయేకొద్దీ మినిమల్ మీడియంలో పెరుగుదలను అదే పట్టి ఆపుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, పొద్దున ఎనిమిదింటికి పెట్టిన రన్‌లో మొదటి పాయింటూ చివరి పాయింటూ ఒకే ఉష్ణోగ్రతవి కావు. తీసుకున్న పరిష్కారం:

1. తెల్లవారుజామున ఐదింటికి ఇనాక్యులేట్ చేయడం. 0.01 నుంచి 0.4కి ఐదుకు పైగా రెట్టింపులు, పెరుగుదల మొదలయ్యే ముందు కొంత ఆలస్యం, అన్నీ కలిపి పదకొండున్నరకల్లా పని పూర్తవుతుంది.
2. గది ఏసీ 26 దగ్గర, ముందు రోజు రాత్రి నుంచే.
3. నీళ్ల ఫ్లాస్కు థర్మామీటర్ రీడింగ్ ప్రతి శాంపిల్ పక్కన రాయడం. 36.5 నుంచి 37.5 పరిధి దాటితే ఆ రన్ లెక్కలోకి రాదు.

మూడు ఫ్లాస్కుల సగటు 0.61, రెట్టింపు సమయం 68 నిమిషాలు.

తేడా ఖాతా: మోడల్ 0.88, ఫ్లాస్కు 0.61, తేడా 0.27.

దశ 4: యురాసిల్

ఇప్పటిదాకా అంతా కొలత తప్పులు. ఇక్కడ మొదటిసారి బయాలజీ వచ్చింది. ఎంజీ1655లో ఆర్‌పీహెచ్-1 అనే ఫ్రేమ్‌షిఫ్ట్ మ్యుటేషన్ (జీన్ చదివే వరుస జరిగిపోయే మార్పు) ఉంది. ఆర్‌పీహెచ్ పక్కనే పైర్ఈ జీన్, రెండూ ఒకే ఒపెరాన్ (కలిసి పనిచేసే జీన్ల వరుస). ముందు జీన్ నుంచి ప్రొటీన్ తయారీ మధ్యలో ఆగిపోవడంతో పైర్ఈ తగినంత రాదు, పిరిమిడిన్లకు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ తయారీకి కావలసినవి, యురాసిల్ వాటిలో ఒకటి) కొరత పడుతుంది. మినిమల్ మీడియంలో దీనివల్ల 10 నుంచి 15 శాతం వేగం తగ్గుతుందని 1993లోనే తేలింది. ఎల్‌బీలో పెంచేవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు, అక్కడ పిరిమిడిన్లు మీడియంలోనే ఉంటాయి.

మోడల్‌కు ఈ సంగతి తెలియదు. పైర్ఈ జీన్ ఉంది కాబట్టి రియాక్షన్ ఎంతైనా నడుస్తుందని అనుకుంటుంది. జీన్ ఉందా లేదా అనేదే అందులో ఉంది, ఎంత ఎంజైమ్ తయారవుతుందో లేదు.

యురాసిల్ నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. లీటరుకు 2 గ్రాముల స్టాక్‌ను గోరువెచ్చని నీళ్లలో చేసి ఫిల్టర్ చేయండి. లీటరు మీడియానికి 10 మి.లీ. వేస్తే 20 మి.గ్రా. వస్తుంది, అంటే 0.18 మిల్లీమోలార్. ఆ మేరకు నీళ్లు తగ్గించండి. అదే రోజు, అదే ఇనాక్యులం, యురాసిల్ ఉన్నవి మూడు, లేనివి మూడు. లేనివి మళ్లీ 0.61, ఉన్నవి 0.69.

తేడా ఖాతా: మోడల్ 0.88, ఫ్లాస్కు 0.69, తేడా 0.19.

దశ 5: పొడి బరువు

మోడల్ లెక్కంతా గ్రాము పొడి బరువు మీద నడుస్తుంది, మన చేతిలో ఉన్నది ఓడీ. ఒక ఓడీకి ఎన్ని గ్రాములన్నది పుస్తకంలోంచి ఎత్తి రాస్తే వాడకం అంకెలన్నీ 20 శాతం అటూ ఇటూ ఊగుతాయి.

1. 0.45 మైక్రాన్ ఫిల్టర్లు 80 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టి, సిలికా జెల్ డెసికేటర్‌లో చల్లార్చి తూకం.
2. ఓడీ 0.8 దగ్గర 100 మి.లీ. కల్చర్ ఫిల్టర్ చేయడం.
3. 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడగడం.
4. మళ్లీ 80 డిగ్రీలు, రెండు తూకాల మధ్య తేడా 0.2 మి.గ్రా. లోపు వచ్చేదాకా.
5. కల్చర్ లేకుండా మీడియం మాత్రమే పోసిన ఫిల్టర్లు రెండు, వాటి తూకం తీసివేయడానికి.

కడగడం మానేస్తే ఏమవుతుంది? ఎం9లో లీటరుకు సుమారు 11 గ్రాముల ఉప్పులున్నాయి. ఫిల్టర్‌లో అర మి.లీ. తడి మిగిలినా ఐదారు మి.గ్రా. ఉప్పు. మొత్తం కణాలే 30 మి.గ్రా. అయినప్పుడు ఇది చిన్న సంగతి కాదు. 10 మి.లీ. కల్చర్‌తో సరిపెట్టుకుంటే కణాలు 3 మి.గ్రా., తూకంలో 0.3 పొరపాటు పది శాతం అవుతుంది. ఇక్కడి ఉక్కపోతలో ఫిల్టర్ బ్యాలెన్స్ మీద ఉండగానే తేమ పీల్చి అంకె పైకి పాకుతుంటుంది. డెసికేటర్ నుంచి ఒక్కొక్కటే తీసి, 30 సెకన్ల దగ్గర కనిపించిన అంకె రాసుకోవడం అన్నిటికీ ఒకే పద్ధతిగా పెట్టుకోండి.

ఫలితం: ఒక ఓడీకి లీటరుకు 0.38 గ్రాములు. ఇది మా మెషీన్, మా క్యూవెట్ విలువ, వేరే ల్యాబ్‌కు పనికిరాదు.

దశ 6: గ్లూకోజ్ వాడకం

గ్లూకోజ్ కొలవడానికి ఖరీదైన రీసెర్చ్ కిట్ అక్కర్లేదు. షుగర్ పరీక్షకు డయాగ్నస్టిక్ ల్యాబులు వాడే జీఓడీ-పీఓడీ (గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్) కిట్ చాలు. గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేట హాస్పిటల్ వీధుల్లో అడిగితే దొరుకుతుంది. 505 నానోమీటర్ల దగ్గర చదవాలి. మన 0.2 శాతం గ్లూకోజ్ అంటే డెసిలీటరుకు 200 మి.గ్రా., కిట్ పరిధిలోనే ఉంటుంది. కిట్‌లో ఇచ్చే ఒకే స్టాండర్డ్ మీద ఆధారపడకుండా ఎం9లోనే 25, 50, 100, 200 స్టాండర్డ్‌లు చేసుకోండి. శాంపిల్ తీసిన వెంటనే 0.22 సిరంజి ఫిల్టర్ గుండా పంపాలి. కణాలతో అలాగే ఉంచితే ట్యూబులో కూడా తింటూనే ఉంటాయి.

మొదటి పథకం తప్పింది. గ్రోత్ కర్వ్ పరిధి అయిన 0.4 ఓడీ వరకే శాంపిళ్లు తీస్తే, అప్పటికి కణాలు 0.15 గ్రాములు, వాడిన గ్లూకోజ్ 11.1లో రెండు మిల్లీమోలార్ కూడా లేదు. 200లోంచి 166కి దిగడాన్ని, రీడింగుకు మూడు నాలుగు శాతం తప్పు ఉన్న కిట్‌తో కొలవడమన్నమాట. సంఖ్య 6 నుంచి 11 దాకా ఎక్కడైనా పడుతుంది.

మార్చిన పథకం: ఓడీ 2 వరకు శాంపిళ్లు (పలచన చేసి చదివినవి), అడ్డంగా కణాల గ్రాములు, నిలువుగా మిగిలిన గ్లూకోజ్. గీత వాలు ఒక గ్రాముకు 12.5 మిల్లీమోల్. దాన్ని గ్రోత్ రేట్ 0.69తో గుణిస్తే వాడకం 8.6. చివరి పాయింట్ల దగ్గర గీత వంగితే గాలి చాలలేదని అర్థం, అవి వదిలేయండి.

దశ 7: మోడల్ ముందు కూర్చోవడం

ల్యాప్‌టాప్ మామూలుదే చాలు, కోబ్రాపైతో వచ్చే జీఎల్‌పీకే సాల్వర్ సరిపోతుంది. తప్పులు జరిగే చోట్లు మాత్రం నాలుగు.

ఒకటి, గుర్తు. ఎక్స్ఛేంజ్ రియాక్షన్‌కు (కణంలోకి, బయటికి పదార్థం రాకపోకలు చూపేది) కింది పరిమితి పెడితే వాడకం మైనస్‌లో ఉండాలి, మైనస్ 8.6. మీడియం డిక్షనరీలో పెడితే ప్లస్ 8.6. అక్కడ కూడా మైనస్ పెడితే కణం గ్లూకోజ్‌ను బయటికి కక్కాలని అర్థం, ‘ఇన్‌ఫీజిబుల్’ (సాధ్యం కాదు) అని వస్తుంది.

రెండు, మీడియం డిక్షనరీ. మోడల్‌ను అడిగితే అది నకలు ఇస్తుంది. ఆ నకలులో అంకె మార్చి ఊరుకుంటే మోడల్‌లో ఏమీ మారదు, ఎర్రర్ కూడా రాదు. నకలును ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, మార్చి, తిరిగి మోడల్‌కు అప్పగించాలి. ఎవరి థీసిస్‌లోనైనా 0.877 అనే ఫలితం కనిపిస్తే మొదట అడగాల్సింది దీని గురించే, ఎందుకంటే అది డిఫాల్ట్ 10 ఇచ్చే అంకె.

మూడు, మోడళ్ల తారుమారు. పాఠాల్లో వాడే చిన్న కోర్ మోడల్‌లో 95 రియాక్షన్లే, అది 10 గ్లూకోజ్‌కు 0.874 ఇస్తుంది. 0.877తో పక్కపక్కనే ఉంది కాబట్టి ఏ ఫైల్ లోడ్ అయిందో అంకె చూసి తెలియదు. రియాక్షన్ల సంఖ్య ప్రింట్ చేసి చూడండి.

నాలుగు, యురాసిల్. ఫ్లాస్కులో వేశాం కాబట్టి మోడల్‌లోనూ తెరవాలి, కానీ 10కి తెరిస్తే మోడల్ దాన్ని తిండిగా వాడేసుకుంటుంది. ఉన్నది 0.18 మిల్లీమోలార్, పంచుకునే కణాలు లీటరుకు 0.76 గ్రాములు, గ్రోత్ రేట్ 0.69. పరిమితి 0.16 మించకూడదు.

గ్లూకోజ్ 8.6 పెట్టగానే మోడల్ సుమారు 0.75కి దిగింది. యురాసిల్ తెరిస్తే 0.76.

తేడా ఖాతా: మోడల్ 0.76, ఫ్లాస్కు 0.69, తేడా 0.07.

దశ 8: అసిటేట్

గాలి పుష్కలంగా ఉన్నా వేగంగా పెరిగే ఈ.కోలై గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని అసిటేట్‌గా బయటికి వదిలేస్తుంది. మోడల్ వదలదు, దానికి ప్రతి కార్బనూ పెరుగుదలకే కావాలి. అందువల్ల అసిటేట్‌ను కొలిచి బలవంతంగా పెట్టాల్సిందే.

కొలిచేది హెచ్‌పీఎల్‌సీతో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం): అమినెక్స్ 87హెచ్ కాలమ్, 5 మిల్లీమోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్, నిమిషానికి 0.6 మి.లీ. గ్లూకోజ్ కోసం ఫిల్టర్ చేసిన శాంపిళ్లే పనికొస్తాయి, మైనస్ 20లో దాచి ఒకేసారి నడపండి. ఎం9 ఫాస్ఫేట్ వల్ల ముందు భాగంలో పెద్ద పీక్ వస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. అసిటేట్ స్టాండర్డ్‌లను నీళ్లలో కాకుండా ఎం9లో చేస్తే రెండూ కలిసిపోలేదని తెలుస్తుంది.

కణాల గ్రాములకు ఎదురుగా గీస్తే అసిటేట్ విసర్జన 3.6. అసిటేట్ ఎక్స్ఛేంజ్ కింది పరిమితి ప్లస్ 3.6 పెట్టి నడిపితే మోడల్ సుమారు 0.67.

తేడా ఖాతా: మోడల్ 0.67, ఫ్లాస్కు 0.69, తేడా మైనస్ 0.02.

ఇప్పుడు మోడల్ ఫ్లాస్కు కంటే కిందికి పోయింది. సరిగ్గా 0.69 వచ్చి ఉంటేనే అనుమానపడాలి. ఓడీ నుంచి గ్రాములకు మార్పులో 5 శాతం, గ్లూకోజ్ వాలులో 5 శాతం, అసిటేట్‌లో అంతకంటే ఎక్కువ తప్పు ఉంది. గ్లూకోజ్ 8.6 బదులు 9.0 అయితే మోడల్ దాదాపు 0.04 పెరుగుతుంది. పైగా 6.86 అనే ఏటీపీ విలువ కూడా ఎక్కడో కొలతలకు అమర్చినదే. కాబట్టి రిపోర్టులో రాసేది ఒకే అంకె కాదు. గ్లూకోజ్‌ను 8.2 నుంచి 9.0 దాకా, అసిటేట్‌ను 3.0 నుంచి 4.2 దాకా మార్చి మోడల్ ఇచ్చే పరిధిని, మూడు ఫ్లాస్కుల పరిధి పక్కన పెట్టాలి.

మిగిలిన పని: యురాసిల్ లేని ఫ్లాస్కులకు కూడా గ్లూకోజ్, అసిటేట్ వాలులు తీయడం. 0.61 దగ్గర వాడకం కూడా అదే నిష్పత్తిలో తగ్గితే పిరిమిడిన్ కొరత వేగాన్నే తగ్గించినట్టు, అంతగా తగ్గకపోతే గ్లూకోజ్ ఇంకెక్కడికో పోతున్నట్టు. ఆ శాంపిళ్లు ఫ్రీజర్‌లో ఉన్నాయి, కాలమ్ ఖాళీ అయ్యాక నడపాలి.